కోకోపీట్ పీహెచ్: హజీరా కుండీల్లో అసలు లెక్క నీళ్లది

సూరత్ చుట్టుపక్కల నేల ఎక్కువగా నల్లరేగడి. తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పొలంలో పత్తికి, చెరకుకు పనికొచ్చే ఈ మట్టిని బాల్కనీ కుండీలో నింపితే వేళ్లకు గాలి ఆడదు, పోసిన నీరు దిగదు. అందుకే హజీరా పారిశ్రామిక వాడ టౌన్‌షిప్పుల్లో, సూరత్ అపార్ట్‌మెంట్లలో కుండీ మొక్కలు పెంచేవాళ్లు ఎక్కువగా కోకోపీట్ ఇటుకలు కొంటున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడిపేంతగా తెలుగువాళ్లు స్థిరపడిన నగరం ఇది. కాబట్టి ఆ బాల్కనీల్లో కరివేపాకు, గోంగూర, మల్లె, మిరప కనిపించడంలో వింత లేదు.

ఈ కుండీల్లో తరచూ వచ్చే సమస్య ఒకటుంది. మొదటి నెల మొక్క పచ్చగా ఉంటుంది. రెండో నెలలోనో మూడో నెలలోనో కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. ఎరువు వేసినా తేరుకోదు. చాలామంది నేరం కోకోపీట్ మీద వేస్తారు. నిజానికి మంచి కోకోపీట్ పీహెచ్ సంచిలోంచి తీసేటప్పటికే మొక్కకు దాదాపు సరిపోతుంది. దాన్ని మార్చేవి రెండు: పొట్టుకు అంటుకుని వచ్చిన ఉప్పు, మనం రోజూ పోసే నీటిలోని బైకార్బొనేట్. మొదటిది తయారీ సమయంలో ఒకసారి వదిలించుకోవాల్సింది. రెండోది పంట ఉన్నంతకాలం గమనించాల్సింది.

ఎంత పీహెచ్ కావాలి

పీహెచ్ కొలమానం 0 నుంచి 14 వరకు ఉంటుంది. 7 తటస్థం, అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. పీహెచ్ 6 ఉన్న ద్రవం పీహెచ్ 7 ఉన్నదానికంటే పది రెట్లు ఆమ్లత్వం కలది.

మట్టి లేని కుండీల్లో చాలా కూరగాయలకు, పూలమొక్కలకు 5.5 నుంచి 6.5 మధ్య అనుకూలం. 6.5 దాటి 7 వైపు వెళ్లేకొద్దీ ఇనుము, మాంగనీసు, జింకు కరగని రూపంలోకి మారిపోతాయి. కుండీలో ఉన్నా వేళ్లకు అందవు. కొత్త ఆకులు ముందుగా పసుపెక్కడానికి కారణం ఇదే. ముదురు ఆకుల్లోని ఇనుమును మొక్క లేత ఆకులకు తరలించుకోలేదు. అదే నత్రజని లోపమైతే పసుపు ముదురు ఆకుల నుంచి మొదలవుతుంది. ఈ రెండింటినీ వేరు చేసి చూడగలిగితే సగం రోగనిర్ధారణ అయినట్టే.

పీట్‌కు చెప్పిన సలహా కోకోపీట్‌కు చెల్లదు

పేరులో పీట్ ఉన్నా కోకోపీట్‌కు, చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడే పీట్‌కు సంబంధం లేదు. నాచు పీట్ పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 4.5 ఉంటుంది. అందుకే యూరప్, అమెరికా తోటల్లో దానికి సున్నపురాయి పొడి లేదా డోలమైట్ కలుపుతారు. కొబ్బరి పొట్టు పీహెచ్ సుమారు 5.5 నుంచి 6.8 వరకు ఉంటుంది. దీనికి సున్నం అవసరం లేదు.

పీట్ కోసం రాసిన సూచనలను యథాతథంగా పాటించి కోకోపీట్‌లో సున్నం, కోడిగుడ్డు పెంకుల పొడి, పొయ్యి బూడిద కలపడం మామూలుగా జరిగే పొరపాటు. వీటిలో బూడిదతో నష్టం ఎక్కువ. అది పీహెచ్ పెంచడమే కాక, కోకోపీట్‌లో ఇప్పటికే ఎక్కువగా ఉన్న పొటాషియాన్ని ఇంకా పెంచుతుంది.

హజీరాలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇక్కడి ఉక్కు కర్మాగారం స్లాగ్‌తో 2022లో రోడ్డు వేశారు. రోడ్డుకు అది మంచి సరుకే. కానీ ఉక్కు స్లాగ్‌లో సున్నం అంశం ఎక్కువ, అది గట్టి క్షారం. కుండీ అడుగున నీరు దిగడానికి రాళ్లు వేసేటప్పుడు ఎక్కడో దొరికిన నల్లటి, బొరియలున్న రాళ్లు వాడకపోవడమే మంచిది. పాత కాంక్రీటు ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. అనుమానం ఉంటే గుప్పెడు రాళ్లను ఆర్ఓ నీటిలో ఒక రాత్రి నానబెట్టి ఆ నీటి పీహెచ్ చూడండి. 8 దాటితే పక్కన పెట్టేయండి.

పొట్టులో ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది

కొబ్బరి తీర ప్రాంతపు పంట. కాయ డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడు సహజంగానే ఉంటాయి. కేరళలో మాదిరిగా పీచు కోసం డొక్కలను ఉప్పుటేరు నీటిలో నానబెడితే ఆ ఉప్పు కూడా చేరుతుంది. కేరళ అయినా, పొల్లాచ్చి అయినా, మన కోనసీమ అయినా, పీచు తీయగా మిగిలిన పొట్టును ఎంత కడిగారు, ఏ నీటితో కడిగారు అన్నదే నాణ్యతను నిర్ణయిస్తుంది. ఇటుకగా నొక్కేశాక చూపుతో ఆ తేడా తెలియదు.

ఈ ఉప్పు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి నీటిలో కరిగి ఉండేది, అది కడిగితే పోతుంది. రెండోది పొట్టు కణాల ఉపరితలానికి అంటిపెట్టుకుని ఉండేది. ఆ ఉపరితలానికి రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం గల పొటాషియం, సోడియం అయాన్లు అక్కడ పట్టుకుని ఉంటాయి. ఉత్త నీటితో ఎంత కడిగినా అవి పూర్తిగా వదలవు. తర్వాత మనం ఎరువులో కాల్షియం ఇస్తే పొట్టు దాన్ని లాగేసుకుని, బదులుగా పొటాషియం, సోడియం వదులుతుంది. మొక్కకు కాల్షియం అందదు. టమాటా కాయ అడుగు నల్లబడటం, మిరప లేత ఆకులు ముడుచుకోవడం దీని ఫలితాలు కావచ్చు. అందుకే మొక్క నాటకముందే పొట్టుకు కాల్షియం తాగించాలి. తోటపని భాషలో దీన్నే బఫరింగ్ అంటారు.

తాగడానికి మంచి నీరు కుండీకి మంచిది కాకపోవచ్చు

తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. ఖంభాత్ సింధుశాఖలో పోటు చాలా ఎక్కువ. ఆ ఉప్పునీరు నదిలో పైకి ఎగదన్నకుండా సూరత్‌లో సింగణ్‌పోర్ దగ్గర అడ్డుకట్ట కట్టారు. హజీరా దానికి దిగువన, పోటు నీటి వైపు ఉంది. ఇలాంటి తీరంలో లోతు బోరు నీటిలో సోడియం, క్లోరైడు ఉండే అవకాశం ఎక్కువ. నది నీరు అంత ఉప్పగా ఉండదు. అయితే తాపీ పారేది దక్కన్ బసాల్ట్ రాతి ప్రాంతం గుండా. అలాంటి నీటిలో బైకార్బొనేట్ సహజంగానే ఉంటుంది. ఒక భవనానికి కుళాయి నీరు, మరో భవనానికి బోరు, ఇంకో చోట ట్యాంకరు. కాబట్టి పక్కింటివాళ్ల అనుభవం మన కుండీకి సరిపోతుందని అనుకోవద్దు.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడా తెలియాలి. నీటి పీహెచ్ వేరు, నీటి క్షారత వేరు. ల్యాబ్ రిపోర్టుల్లో ఆల్కలినిటీ అని కనిపించేది ఈ రెండోదే. ఆ నీరు ఎంత ఆమ్లాన్ని మింగేయగలదో అది చెబుతుంది. పీహెచ్ 8 ఉన్నా క్షారత తక్కువైతే ఆ నీరు కుండీని పెద్దగా మార్చదు. పీహెచ్ 7.2 మాత్రమే ఉన్నా క్షారత ఎక్కువైతే నెమ్మదిగా కుండీ మొత్తాన్ని క్షారంగా మార్చేస్తుంది.

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్షారత లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. మనిషి ఆరోగ్యానికి దానితో ఇబ్బంది లేదు. కానీ మట్టి లేని కుండీకి 100 మి.గ్రా. లోపు ఉంటేనే నిశ్చింత.

ఒక లెక్క వేద్దాం. క్షారత 300 మి.గ్రా. ఉన్న నీటిని 12 లీటర్ల కుండీకి రోజుకు లీటరు చొప్పున 90 రోజులు పోశాం అనుకోండి. మొత్తం 90 లీటర్లు. అందులో వచ్చి చేరేది 27 గ్రాముల సున్నపురాయికి సమానం. ఎండు బరువులో కిలో కూడా ఉండని పొట్టులో అంత సున్నం కలిపినట్టు. కుండీ కింద నుంచి కొంత కారిపోతుందన్నది నిజమే. అయినా మూడో నెలలో ఆకులు ఎందుకు పసుపెక్కుతాయో ఈ లెక్కే చెబుతోంది.

తయారీ: ముందు ఉప్పు, తర్వాత కాల్షియం, చివరికి పీహెచ్

ఈ వరుస మారితే శ్రమ వృథా. ఉప్పు, కాల్షియం పని పూర్తికాకముందు కొలిచిన పీహెచ్ ఆ తర్వాత ఎలాగూ మారుతుంది.

1. నానబెట్టడం: 5 కిలోల ఇటుకకు 20 నుంచి 25 లీటర్ల నీరు పడుతుంది. నానాక సుమారు 60 నుంచి 75 లీటర్ల పొట్టు వస్తుంది. ప్లాస్టిక్ తొట్టి వాడండి. సిమెంటు తొట్టి, ముఖ్యంగా కొత్తది, తానే పీహెచ్ పెంచుతుంది.

2. కడగడం: నానిన పొట్టును వల సంచిలోనో, రంధ్రాలున్న బకెట్‌లోనో వేసి నీరు పోసి కారనివ్వాలి. ఈసీ మీటరుతో కారిన నీటిని కొలవాలి. పోసిన నీటి ఈసీకీ, కారిన నీటి ఈసీకీ తేడా 0.5 మిల్లీసీమెన్స్ లోపుకు వచ్చేదాకా కడగాలి. మామూలుగా రెండు మూడు సార్లు సరిపోతుంది. పోసే నీటి ఈసీయే 1.2 ఉంటే పొట్టు ఈసీ అంతకంటే కిందికి రాదని గుర్తుంచుకోండి. అలాంటప్పుడు చివరి కడుగు వాన నీటితోనో ఆర్ఓ నీటితోనో చేయాలి.

3. కాల్షియం పట్టించడం: ఎరువుల దుకాణంలో దొరికే కాల్షియం నైట్రేట్‌ను 5 కిలోల ఇటుకకు సుమారు 100 గ్రాముల చొప్పున 25 లీటర్ల నీటిలో కరిగించి, పిండిన పొట్టు మీద పోసి ఒక రాత్రి ఉంచాలి. మెగ్నీషియం కోసం 20 నుంచి 25 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ చేర్చవచ్చు. రెండింటినీ విడివిడిగా కరిగించాకే పెద్ద నీటిలో కలపాలి. చిక్కగా ఉన్నప్పుడు కలిస్తే తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతాయి.

100 గ్రాములు ఎందుకంటే, పొట్టు పట్టుకోగల అయాన్లలో మూడో వంతు సోడియం, పొటాషియంతో నిండి ఉన్నాయనుకుంటే వాటిని తోసేయడానికి దాదాపు అంత కాల్షియం కావాలి. బాగా కడిగిన, బఫర్ చేసినట్టు రాసిన సరుకుకు ఇందులో సగం చాలు.

కాల్షియం నైట్రేట్ దొరకకపోతే జిప్సం వాడవచ్చు. గుజరాతీలో దాన్ని చిరోడీ అంటారు. రంగోలీ కోసం అమ్మే రంగు కలిపిన పొడి మాత్రం వద్దు. జిప్సం కాల్షియం ఇస్తుంది కానీ సున్నంలా పీహెచ్ పెంచదు. లీటరు నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు కాబట్టి రెండు మూడు దఫాలుగా నానబెట్టాలి.

4. చివరి కడుగు: కాల్షియం ద్రావణాన్ని వంచేసి, ఒకసారి మంచి నీటితో కడిగి పిండాలి. వంచిన ద్రావణంలో నైట్రేట్, పొటాషియం ఉంటాయి. దాన్ని కాలువలో పారబోయకుండా నాలుగైదు రెట్లు నీరు కలిపి నేలలో ఉన్న పెద్ద చెట్లకు పోయవచ్చు. మొదటి కడుగు నీటిలో సోడియం ఎక్కువ కాబట్టి దాన్ని మొక్కలకు పోయకూడదు.

5. పీహెచ్ చూడటం: ఇప్పుడు కొలవాలి. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే ఏమీ కలపనక్కర్లేదు. అన్నీ సరిగ్గా చేసినా 7 దాటితే అనుమానించాల్సింది కడిగిన నీటినే.

ఎలా కొలవాలి

ఒక వంతు తడి పొట్టు, రెండు వంతుల ఆర్ఓ లేదా డిస్టిల్డ్ నీరు కలిపి, అరగంట ఉంచి, వడగట్టి ఆ నీటిని కొలవాలి. తడి పొట్టులోకి మీటరు గుచ్చితే వచ్చే అంకెను నమ్మలేం. పెన్ను మీటర్లతో వచ్చే 4.00, 6.86 బఫర్ పొడులతో నెలకోసారైనా సరిచూసుకోవాలి. మీటరు గాజు మొన ఎండిపోతే తప్పుడు అంకెలు చూపిస్తుంది. ఆర్ఓ నీటిని విడిగా కొలిస్తే అంకె నిలకడగా ఉండదు. అందులో అయాన్లు తక్కువ కావడమే కారణం, దానికి కంగారు పడక్కర్లేదు.

నీటి క్షారతకు చేపల తొట్టెల దుకాణంలో దొరికే కేహెచ్ కిట్ చాలు. చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 18 మి.గ్రా. 6 డిగ్రీల లోపు వస్తే ఊరట. 15 దాటితే ఏదో ఒకటి చేయాల్సిందే.

క్షారత తగ్గించే దారులు

అన్నిటికంటే సులువైనది కలపడం. క్షారత 300 ఉన్న కుళాయి నీరు ఒక వంతు, 25 ఉన్న ఆర్ఓ నీరు రెండు వంతులు కలిపితే సుమారు 115 అవుతుంది. వాన నీరు ఇంకా మేలు. సూరత్‌లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. 10 చదరపు మీటర్ల కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్లు కురిస్తే 10 వేల లీటర్లు. పారిశ్రామిక ప్రాంతం కాబట్టి తొలకరి వానలను వదిలేసి, ఆ తర్వాతి నీటిని పట్టుకోవాలి.

వాడకూడని నీళ్లు రెండు. ఆర్ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో ఉప్పు, క్షారత రెండూ పోగుపడి ఉంటాయి. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటిలో కాల్షియం పోయి సోడియం చేరుతుంది, బైకార్బొనేట్ మాత్రం అలాగే ఉంటుంది. కష్టపడి పట్టించిన కాల్షియాన్ని ఈ నీరు మళ్లీ తోసేస్తుంది. భవనంలో సాఫ్ట్‌నర్ ఉంటే దానికి ముందున్న కుళాయి నుంచి పట్టుకోవాలి.

ఆమ్లం కలపడం మూడో దారి. ఇళ్లలో అందుబాటులో ఉండేది నిమ్మ ఉప్పు. సూరత్ కిరాణా కొట్టులో లీంబూ నా ఫూల్ అని అడిగితే ఇస్తారు. లీటరుకు 0.4 గ్రాము, అంటే 10 లీటర్ల బకెట్‌కు 4 గ్రాములు వేస్తే క్షారత సుమారు 250 మి.గ్రా. మేర తగ్గుతుంది. అయితే దీనికో పరిమితి ఉంది. కుండీలోని సూక్ష్మజీవులు సిట్రేట్‌ను తినేశాక బైకార్బొనేట్ కొంత తిరిగి ఏర్పడుతుంది, పీహెచ్ మళ్లీ ఎక్కుతుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా అంతే. తాత్కాలికంగా పనికొస్తాయి, సీజను మొత్తం వాటి మీదే ఆధారపడలేం.

ఫాస్ఫరిక్ ఆమ్లం ప్రభావం నిలుస్తుంది. కానీ ఎక్కువ క్షారతను దానితోనే తటస్థం చేస్తే భాస్వరం మితిమీరి, ఇనుము, జింకు లోపాన్ని ఇంకా పెంచుతుంది. నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు పెద్ద నర్సరీల పని, ఇంట్లో వద్దు. పాత బ్యాటరీ ఆమ్లంలో సీసం ఉంటుంది, తినే మొక్కల దగ్గరికి దాన్ని రానీయకూడదు. ఏ ఆమ్లమైనా నీటిలో ఆమ్లం పోయాలి తప్ప ఆమ్లంలో నీరు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఎరువు కూడా పీహెచ్‌ను కదుపుతుంది

నత్రజనిని నైట్రేట్ రూపంలో తీసుకునేటప్పుడు మొక్క వేళ్ల చుట్టూ పీహెచ్ పెరుగుతుంది. అమ్మోనియం రూపంలో తీసుకుంటే తగ్గుతుంది. అందుకే క్షారత ఉన్న నీటితో పెంచేటప్పుడు నత్రజనిలో కొంత భాగాన్ని అమ్మోనియం సల్ఫేట్‌గా, లీటరుకు పావు గ్రాముకు మించకుండా ఇస్తే పీహెచ్ అదుపులో ఉంటుంది.

హజీరాలోనే క్రిభ్‌కో కర్మాగారంలో తయారయ్యే యూరియా ఇక్కడ సులువుగా గుర్తొచ్చే ఎరువు. అది పొలానికి తగినది, కోకోపీట్ కుండీకి కాదు. యూరియా విడిపోయేటప్పుడు మొదట అమ్మోనియా ఏర్పడి పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది. పొలం మట్టి ఆ దెబ్బను తట్టుకుంటుంది, చిన్న కుండీలో లేత వేళ్లు తట్టుకోలేవు.

ఆకులు ఇప్పటికే పసుపెక్కి ఉంటే తెలుగు రైతులు వేరుశనగకు వాడే మందే ఇక్కడా పనిచేస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయాలి. లేత మొక్కలకు సగం మోతాదు చాలు. అన్నభేదిని కుండీలో పోస్తే మాత్రం అధిక పీహెచ్ వల్ల అది వెంటనే తుప్పుగా మారిపోతుంది. వేళ్ల ద్వారా ఇవ్వాలంటే చీలేటెడ్ ఇనుము కావాలి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాకానే నిలుస్తుంది. అంతకు మించితే డీటీపీఏ, 7.5 కూడా దాటితే ఈడీడీహెచ్ఏ రకం తీసుకోవాలి.

వానాకాలం, ఎండాకాలం

కుండీ పీహెచ్ ఏడాదంతా ఒకేలా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బయట ఉన్న కుండీలను వాన కడిగేస్తుంది. ఉప్పు, బైకార్బొనేట్ దిగిపోతాయి, వాటితోపాటు పోషకాలూ పోతాయి. ఆ నెలల్లో పీహెచ్ కంటే ఎరువు తగ్గడం మీద దృష్టి పెట్టాలి. అక్టోబరు నుంచి మే దాకా అంతా కుళాయి మీదే ఆధారం. మార్చి తర్వాత నీరు ఎక్కువగా ఆవిరవుతుంది, బైకార్బొనేట్ కుండీలోనే పోగుపడుతుంది. పసుపు ఆకులు ఎక్కువగా కనిపించేదీ అప్పుడే.

కాబట్టి అక్టోబరు నుంచి పదిహేను రోజులకోసారి ఒక పరీక్ష చేయాలి. కుండీకి మామూలుగా నీరు పోసి, అరగంట ఆగి, పైనుంచి 100 మి.లీ. ఆర్ఓ నీరు పోసి, కింద కారిన మొదటి 50 మి.లీ. పట్టి పీహెచ్, ఈసీ కొలిచి తేదీతో రాసుకోవాలి. ఒక్క అంకెను చూసి ఏమీ చేయనక్కర్లేదు. వరుసగా మూడుసార్లు పీహెచ్ పెరుగుతూ 6.8 దాటితే నీరు మార్చే సమయం వచ్చినట్టు. ఈసీ పెరుగుతూ ఉంటే వాన నీటితోనో, కలిపిన నీటితోనో కుండీ పరిమాణానికి సమానంగా పోసి ఒకసారి కడిగేయాలి. అలా కడిగిన తర్వాత కాల్షియం నైట్రేట్ లీటరుకు ఒక గ్రాము చొప్పున ఇస్తే పొట్టులో కాల్షియం మళ్లీ నిండుతుంది.

ఈ పనికి కావాల్సినవి ఒక పీహెచ్ మీటరు, ఒక ఈసీ మీటరు, ఒక కేహెచ్ కిట్, వందో రెండొందలో గ్రాముల కాల్షియం నైట్రేట్. మొదట కొనాల్సింది మాత్రం కేహెచ్ కిట్టే. నీటి సంగతి తెలిస్తే కోకోపీట్‌కు ఏం చేయాలో, ఏం చేయనక్కర్లేదో కూడా తేలిపోతుంది.